కథ అద్భుతం, గేమ్ క్రాష్: ఆర్‌పీజీల్లో దేనికి ఎంత మార్కు?

2020 డిసెంబర్ 10న 'సైబర్‌పంక్ 2077' విడుదలైంది. పోలండ్‌లోని సీడీ ప్రాజెక్ట్ రెడ్ స్టూడియో ఏళ్ల తరబడి ఊరించి తెచ్చిన గేమ్ ఇది. రివ్యూల సగటు లెక్కగట్టే మెటాక్రిటిక్‌లో దీని పీసీ వెర్షన్‌కి 86 మార్కులు వస్తే, సోనీ పాత గేమ్ కన్సోల్ ప్లేస్టేషన్ 4 వెర్షన్‌కి 57 వచ్చాయి. రెండింటిలోనూ కథ ఒకటే. పాత్రలు, డైలాగులు, ముగింపులు అన్నీ అవే. అయినా వారం రోజులకే సోనీ ఆ గేమ్‌ని తన ఆన్‌లైన్ స్టోర్ నుంచి తీసేసి, కొన్నవాళ్లకి డబ్బు వాపస్ ఇస్తామని ప్రకటించింది. అది మళ్లీ స్టోర్‌లోకి వచ్చేసరికి 2021 జూన్ అయింది.

ఒకే కథకి 29 మార్కుల తేడా ఎలా వచ్చిందంటే జవాబు సులువే: పాత కన్సోల్‌లో గేమ్ సరిగ్గా నడవలేదు. మరి ఆ కథ విలువ ఎంత అంటే మాత్రం సులువుగా తేలదు. పెద్ద ఆర్‌పీజీ ఏది వచ్చినా ఇదే గొడవ మొదలవుతుంది. ఇంత మంచి కథ కోసం నాలుగు బగ్‌లు ఓర్చుకోలేమా అని ఒకరంటారు. డబ్బు పెట్టి కొన్నది పనిచేయకపోతే కథతో ఏం చేసుకోవాలి అని ఇంకొకరంటారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. కానీ ఇద్దరూ కథ ఒక వస్తువు, లోపం ఇంకో వస్తువు అనుకునే మాట్లాడుతున్నారు. ఆర్‌పీజీల్లో చాలాసార్లు ఈ రెండూ ఒకే చోట పుడతాయి. అది అర్థమైతే గొడవ మొత్తం తీరకపోయినా, కనీసం దేని గురించి కొట్టుకుంటున్నామో తెలుస్తుంది.

లోపం అంటే ఏది?

ముందు కొన్ని మాటలు తేల్చుకుందాం. ఆర్‌పీజీ అంటే రోల్ ప్లేయింగ్ గేమ్. మనం ఒక పాత్రలోకి వెళ్లి ఆ పాత్ర తరఫున నిర్ణయాలు తీసుకుంటాం. ఎవరిని నమ్మాలి, ఎవరికి ఎదురు తిరగాలి, ఏ పని ఒప్పుకోవాలి అన్నది చాలావరకు మన చేతిలోనే ఉంటుంది. గేమ్‌లో మనకి అప్పగించే పని క్వెస్ట్. ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచిపెట్టేది సేవ్ ఫైల్. విడుదలయ్యాక స్టూడియో పంపే మరమ్మతు ప్యాచ్. ఆడేవాళ్లే సొంతంగా తయారుచేసుకునే మార్పు మాడ్.

ఇక టెక్నికల్ లోపం. ఈ ఒక్క మాట కింద జనం నాలుగు రకాల ఫిర్యాదులు కలిపేస్తుంటారు. మొదటిది అసలైన బగ్: ప్రోగ్రామ్ చేయాల్సింది ఒకటి, చేసింది ఇంకొకటి. రెండోది పనితీరు: అన్నీ సరిగ్గానే జరుగుతాయి గానీ బొమ్మ ఆగి ఆగి కదులుతుంది, లోడింగ్‌కి నిమిషాలు పడుతుంది. మూడోది అసంపూర్ణత: స్టూడియోకి టైమ్ చాలక కథలో కొంత భాగాన్ని కోసేసి, అతుకులు కనబడేలా వదిలేయడం. నాలుగోది డిజైన్ బలహీనత: అనుకున్నది అనుకున్నట్టే పనిచేస్తుంది, కానీ అనుకున్నదే బాగోలేదు.

1999లో వచ్చిన 'ప్లేన్‌స్కేప్: టార్మెంట్' తీసుకోండి. గేమ్‌లలో వచ్చిన గొప్ప రచనల్లో ఒకటిగా ఇప్పటికీ దాని పేరు చెబుతారు. చావులేని ఒక మనిషి తన గతాన్ని వెతుక్కునే కథ అది. అందులో పోరాటాలు మాత్రం పేలవం. వాటిని ఏ ప్యాచ్ కూడా బాగుచేయలేదు, ఎందుకంటే అక్కడ చెడిపోయిందేమీ లేదు. దీన్నీ, మధ్యలో క్రాష్ అయ్యే గేమ్‌నీ ఒకే గాటన కట్టి, లోపాలున్న మంచి కథలు అనేస్తే వాదన ఎటూ తేలదు.

బగ్‌లు ఆర్‌పీజీల్లోనే ఎందుకెక్కువ?

ఒక చిన్న క్వెస్ట్ ఊహించుకుందాం. ఒక ఊరిపెద్ద, అతని కూతురు, పోయిన ఒక నగ. మీరు ఆ నగని వెతికిపెట్టాలి. దొరికాక తండ్రికి ఇవ్వచ్చు, కూతురికి ఇవ్వచ్చు, లేదా అమ్ముకోవచ్చు. అంటే మూడు దారులు. ఈలోగా వేరే గొడవలో తండ్రి చనిపోయి ఉండచ్చు, బతికే ఉండచ్చు. అది రెండు రకాలు. నగ పోయిందని ఎవరూ చెప్పకముందే అడవిలో తిరుగుతూ మీరు దాన్ని ఏరుకుని ఉండచ్చు, లేదా వాళ్లు చెప్పాకే వెతకడం మొదలుపెట్టి ఉండచ్చు. అది ఇంకో రెండు రకాలు. మూడు, రెండు, రెండు గుణిస్తే 12 పరిస్థితులు. చనిపోయినవాడికి నగ ఇచ్చే దారి మూసేసి, మిగిలిన ప్రతి పరిస్థితిలోనూ కూతురు మాట్లాడే మాట పొసగాలి. ఒక్క చోట చూసుకోకపోయినా, తండ్రిని పాతిపెట్టిన మర్నాడే ఆ అమ్మాయి "నాన్నగారు మీకోసం ఎదురుచూస్తున్నారు" అంటుంది.

ఇది కుదురైన చిన్న క్వెస్ట్. ఒక పెద్ద గేమ్‌లో అవును, కాదు అన్న నిర్ణయాలు పది ఉంటే మొత్తం కలయికలు 1,024. ఇరవై ఉంటే 10,48,576. అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడవు కాబట్టి ఆచరణలో లెక్క ఇంత ఘోరంగా ఉండదు. కానీ ఏవి ముడిపడతాయో ముందే పూర్తిగా ఊహించడం ఎవరి తరమూ కాదు. 2023లో వచ్చిన 'బాల్డర్స్ గేట్ 3' ముగింపుకి చిన్నాపెద్దా తేడాలతో 17,000 రూపాలున్నాయని దాన్ని తీసిన లారియన్ స్టూడియో చెప్పింది. ఎంతమంది టెస్టర్లని పెట్టినా అన్నీ ఆడి చూడలేరు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మీ నిర్ణయాన్ని గేమ్ గుర్తుంచుకుని, ముప్పై గంటల తర్వాత ఎక్కడో దాన్ని మీకు ఎదురుగా తెచ్చిపెట్టడమే ఈ తరహా కథలకి ప్రాణం. బగ్‌లు పుట్టేదీ ఆ గుర్తుంచుకునే పనిలోనే. 'పర్సోనా 5' లాంటి జపాన్ ఆర్‌పీజీలు తొణకకుండా, నున్నగా నడుస్తాయంటే కారణాల్లో ఒకటి ఇది: వాటి ముఖ్య కథ దాదాపు ఒకే దారిలో సాగుతుంది. అందులో తప్పేమీ లేదు, అది వేరే రకం కథనం. కానీ దాని నునుపుని కొలబద్దగా పెట్టి వంద దారులున్న గేమ్‌ని కొలిస్తే లెక్క తప్పుతుంది.

అయితే కారణం తెలిసినంత మాత్రాన కొన్నవాళ్ల నష్టం తగ్గదు. వంద దారులు పెడతామని మాటిచ్చింది స్టూడియోయే, ఎవరూ బలవంతపెట్టలేదు.

జ్ఞాపకమే బరువైనప్పుడు

ఈ గుర్తుంచుకోవడం ఎంత దూరం వెళ్తుందో చూపించే ఉదాహరణలు మూడు ఉన్నాయి. ఒకదానికొకటి సంబంధం లేని స్టూడియోలు, వేర్వేరు కాలాలు. జబ్బు మాత్రం ఒక్కటే.

2011 నవంబర్‌లో వచ్చిన 'స్కైరిమ్'లో మీరు కదిపిన గిన్నె, తెరిచిన పెట్టె, చంపిన దొంగ అన్నీ సేవ్ ఫైల్‌లో చేరతాయి. ఆడేకొద్దీ ఆ ఫైల్ పెరుగుతుంది. ప్లేస్టేషన్ 3లో మెయిన్ మెమరీ 256 ఎంబీ, గ్రాఫిక్స్‌కి విడిగా ఇంకో 256 ఎంబీ. ఆ రెండింటి మధ్య సర్దుబాటు కష్టం. ఫలితంగా డజన్ల గంటలు ఆడి ప్రపంచం అంతా తిరిగినవాళ్లకి గేమ్ ఈడుస్తూ నడవడం మొదలైంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి ఏ ఇబ్బందీ లేదు.

సైబర్‌పంక్ విడుదలైన కొత్తలో పీసీలో సేవ్ ఫైల్ 8 ఎంబీ దాటితే పాడైపోయేది. మళ్లీ తెరుచుకోదు. వస్తువులు ఎక్కువ పోగుచేసుకోవద్దు, తయారీ సామాన్లు తక్కువ ఉంచుకోండి అని సపోర్ట్ వాళ్లు సలహా ఇచ్చారు. ఆ డిసెంబర్ చివర్లోనే ప్యాచ్‌తో ఆ పరిమితి తీసేశారు. కానీ ఆలోచించండి. ఎవరికి పోయింది ఆట? ఆ నగరంలో సందుసందూ తిరిగి, దొరికిన ప్రతిదీ ఏరుకుని, అక్కడే కాపురం పెట్టినంతగా ఆడినవాళ్లకి. ఆ గేమ్‌ని అందరికంటే ఎక్కువ ప్రేమించినవాళ్లకి.

మూడోది బాల్డర్స్ గేట్ 3. ఆడేకొద్దీ గేమ్ నెమ్మదించడం చూసి 2023 డిసెంబర్‌లో లారియన్ ఒక దిద్దుబాటు పంపుతూ కారణం వివరించింది: అంతకుముందు వచ్చిన అయిదో ప్యాచ్ నుంచీ, మీరు చేసిన దొంగతనాలు, విధ్వంసాల గురించి గేమ్ లోపల్లోపల ఆలోచిస్తూనే ఉండిపోతోంది. ఎవరైనా పట్టుకోవాలా వద్దా అన్న ఆ విచారణలు ముగియక పేరుకుపోయి, మొత్తం ఆట మీద భారం పడుతోంది. ఊరంతా కొల్లగొట్టినవాళ్లకి బరువు ఇంకా ఎక్కువ. దొంగగా ఆడే స్వేచ్ఛ, ఆ దొంగతనానికి లోకం స్పందించడం, ఈ రెండే ఆ గేమ్ కథనానికి బలం.

బ్లడ్‌లైన్స్ సంగతి

ఈ చర్చ ఎక్కడ జరిగినా ఒక పేరు తప్పకుండా వస్తుంది: 'వాంపైర్: ది మాస్కరేడ్ - బ్లడ్‌లైన్స్'. దీని దగ్గర కొంచెం ఆగడం అవసరం.

ట్రోయికా గేమ్స్ అనే చిన్న అమెరికన్ స్టూడియో దీన్ని వాల్వ్ కంపెనీ సోర్స్ ఇంజిన్ (గేమ్‌ని నడిపించే మూల సాఫ్ట్‌వేర్) మీద కట్టింది. ఆ ఇంజిన్ అప్పటికింకా తయారీలోనే ఉంది. వాల్వ్ సొంత గేమ్ 'హాఫ్-లైఫ్ 2' కంటే ముందు దీన్ని విడుదల చేయకూడదన్నది ఒప్పందం. చివరికి రెండూ ఒకే రోజు, 2004 నవంబర్ 16న వచ్చాయి. ఆ ఏడాది అందరూ ఎదురుచూసిన గేమ్ పక్కన, సగం ఉడికిన స్థితిలో ఇది నిలబడింది. 2005 ఫిబ్రవరికల్లా ట్రోయికా మూతపడింది.

మరి ఇప్పటికీ ఎందుకు ఆడుతున్నారు? ఓషన్ హౌస్ అనే పాత హోటల్ భాగం ఒక్కటి చూస్తే చాలు. మీరు లాస్ ఏంజిలెస్‌లో రక్తపిశాచి. ఆ హోటల్లోంచి ఒక లాకెట్ తెచ్చిపెట్టాలి. లోపల కొట్టడానికి శత్రువంటూ ఎవరూ లేరు. మీరు అడుగు పెట్టేసరికి లైట్లు మిణుకుమంటాయి, వంటగదిలో గిన్నెలు గాల్లోకి లేచి మీదికి వస్తాయి. ఎవరో ఆడమనిషి వరండా చివర పరిగెత్తుతుంది. అక్కడక్కడ దొరికే కాగితాలు చదువుతూ ఒక కుటుంబానికి ఏం జరిగిందో మీరే అల్లుకోవాలి. పిశాచిగా ఆడుతున్న మనకే ఒళ్లు జలదరిస్తుంది. అలాగే, పిచ్చితనం శాపంగా ఉన్న మాల్కేవియన్ తెగని ఎంచుకుంటే మీ పాత్ర డైలాగులన్నీ వేరే. కథ మొదట్లోనే అసందర్భంగా అనే మాటలు, చివరికొచ్చాక ముందే జరగబోయేది చెప్పాయని తెలుస్తుంది.

అదే గేమ్‌లో, లియోపోల్డ్ సొసైటీ అనే మిషన్ చివర్లో పడవెక్కి బయటపడాల్సిన చోట, విడుదలైన వెర్షన్ క్రాష్ అయ్యేది. ఆ దృశ్యం దాటితేనే కథ ముందుకెళ్తుంది. అధికారిక ప్యాచ్ వచ్చేదాకా జనం కమాండ్లు టైప్ చేసి తర్వాతి చోటికి దూకేవాళ్లు. స్టూడియో పోయాక మరమ్మతు అభిమానుల చేతికి వచ్చింది. వాళ్ల అనధికార ప్యాచ్ ఏళ్ల తరబడి సాగింది. జీఓజీ స్టోర్ అమ్మే కాపీలో అది ముందే కలిపి ఇస్తున్నారు.

2004లో డబ్బు పెట్టి కొని, ఆ పడవ దగ్గర ఇరుక్కుని, కోపంతో తక్కువ మార్కు ఇచ్చినవాళ్ల తీర్పు సరైనదే. ఇవాళ ప్యాచ్ వేసుకుని ఆడి గొప్ప గేమ్ అన్నవాళ్లదీ సరైనదే. వాళ్లు ఆడింది ఒకే గేమ్ కాదు. కథకి అంత బలం లేకపోతే ఆ మరమ్మతుకి ఎవరూ పూనుకునేవారు కాదన్నది మాత్రం నా గట్టి నమ్మకం. బగ్‌లున్న నీరసమైన గేమ్‌లు ఎన్నో వచ్చాయి, వాటిని ఇరవై ఏళ్లు సాకినవాళ్లు లేరు.

మార్కుల్లో ఇరికించడం ఎలా?

రివ్యూ రాసేవాళ్ల ఇబ్బంది వేరు. వాళ్లకి ఒక అంకె ఇవ్వాలి. 'ఫాలౌట్: న్యూ వెగాస్'ని అబ్సిడియన్ స్టూడియో 18 నెలల్లో పూర్తిచేసి 2010 అక్టోబర్‌లో తెచ్చింది. నాలుగు వర్గాల్లో ఎవరి పక్షాన నిలబడాలన్న దాని రాజకీయ కథ ఇప్పటికీ చర్చల్లో ఉంది. విడుదల రోజున మాత్రం జనం పంచుకున్న వీడియో వేరు: గేమ్ మొదట్లో మీకు వైద్యం చేసే డాక్ మిచెల్ అనే పాత్ర తల మెడ మీద గిర్రున తిరుగుతూ ఉంటుంది. క్రాష్‌లు, పాడైన సేవ్‌లూ ఎక్కువే. మెటాక్రిటిక్‌లో 84 వచ్చింది. 85 వస్తే స్టూడియోకి బోనస్ ఉండేదని, ఒక్క మార్కుతో పోయిందని ఆ గేమ్ రచయితల్లో ఒకరైన క్రిస్ అవెలోన్ 2012లో బయటపెట్టారు.

దీన్ని రెండు రకాలుగా చూస్తారు. కథకి పడ్డ శ్రమని బగ్‌లు మింగేశాయి, రచయితలకి అన్యాయం జరిగిందని ఒక వాదన. రివ్యూ ఉన్నది స్టూడియో బోనస్ కోసం కాదు, ఆ వారం డబ్బు పెట్టబోయే మనిషి కోసం, క్రాష్‌ని దాచిపెట్టి 85 ఇస్తే అది అబద్ధమయ్యేదని ఇంకో వాదన. నాకు రెండోదే నిలబడుతుందనిపిస్తుంది. బోనస్‌ని సగటు మార్కుకి ముడిపెట్టిన ఒప్పందం తప్పుని రివ్యూల నెత్తిన వేయలేం. సైబర్‌పంక్ విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. విడుదలకి ముందు రివ్యూలకి పీసీ కాపీలే ఇచ్చారు, కన్సోల్ కాపీలు ఇవ్వలేదు. దాంతో మొదటి రోజుల పొగడ్తలన్నీ మంచి పీసీ మీద నడిచిన గేమ్‌కి దక్కినవే.

ఏ లోపం కథని తాకుతుంది?

తూకం వేయాలంటే లోపాల సంఖ్య కంటే, ప్రతి లోపం కథని ఎక్కడ తాకుతోందో చూడటం మేలు. డాక్ మిచెల్ తల తిరగడం చూస్తే నవ్వొస్తుంది, ఆ సన్నివేశం మూడ్ పోతుంది. కానీ మీ నిర్ణయం చెక్కుచెదరదు. సేవ్ పాడైతే నలభై గంటల బంధం పోతుంది, మళ్లీ మొదలుపెట్టే ఓపిక చాలామందికి ఉండదు. ఈ రెండింటి కంటే దారుణమైనదని నేననుకునేది ఎక్కువమంది పట్టించుకోనిది. ఇందాకటి క్వెస్ట్‌లో మీరు నగ కూతురికే ఇచ్చారు, గేమ్ మాత్రం తండ్రికి ఇచ్చినట్టు రాసుకుంది. క్రాష్ లేదు, తల తిరగలేదు, అంతా నున్నగా నడుస్తోంది. కానీ ఆ క్షణం నుంచి మీ మాటకి విలువ ఉందన్న నమ్మకం పోతుంది. తర్వాత వచ్చే ప్రతి ఎంపిక దగ్గరా "ఏది నొక్కితే ఏముందిలే" అనిపిస్తుంది. చూడటానికి చిన్న బగ్, కథకి పెద్ద దెబ్బ.

ఎవరు ఆడుతున్నారన్న దాన్నిబట్టి కూడా బరువు మారుతుంది. 2019లో వచ్చిన 'డిస్కో ఎలీసియం'లో పోరాటాల వ్యవస్థే లేదు, పది లక్షలకి పైగా మాటలున్నాయి, అన్నీ ఇంగ్లిష్‌లో చదవాల్సినవే. ఇలాంటి గేమ్‌లకి అధికారికంగా తెలుగు అనువాదం ఉండదు. ఇంగ్లిష్‌ని రెండో భాషగా చదివే మనవాళ్లకి చిన్న అక్షరాలు, టక్కున మాయమయ్యే సబ్‌టైటిల్, ఆలస్యంగా వచ్చే ఆడియో ఇవన్నీ లండన్‌లో ఆడేవాడికంటే ఎక్కువ అడ్డుపడతాయి. 2015లో 'ది విచర్ 3' అక్షరాలు టీవీ మీద మరీ చిన్నగా ఉన్నాయన్న ఫిర్యాదు ప్రపంచమంతా వచ్చాక ప్యాచ్‌లో పెద్దవి చేశారు. చాలా రివ్యూల్లో ఇలాంటివి ఒక్క వాక్యంతో సరిపెడతారు. గ్రాఫిక్స్ కార్డ్ లేని పాత ల్యాప్‌టాప్ మీద ఆడేవాళ్లకి పనితీరు గురించి రాసిన పేరానే మొత్తం రివ్యూ.

ఏ రోజు తూచాలి?

సైబర్‌పంక్ ఆ తర్వాత బాగుపడింది. 2022 ఫిబ్రవరిలో 1.5 ప్యాచ్, 2023 సెప్టెంబర్‌లో గేమ్ నైపుణ్యాల వ్యవస్థనీ పోలీసుల తీరునీ తిరగరాసిన 2.0, దాని వెంటే 'ఫాంటమ్ లిబర్టీ' అనే కొత్త భాగం వచ్చాయి. ఇప్పుడు కొనేవాళ్లు చూసేది దాదాపు వేరే గేమ్. అయితే 2.0 పాత కన్సోల్‌లకి రాలేదు. ప్లేస్టేషన్ 4లో పెద్ద అప్‌డేట్‌లు 2022 సెప్టెంబర్ నాటి 1.6తోనే ఆగిపోయాయి. తర్వాత బాగుచేస్తారులే అన్న భరోసా మీద కొన్నవాళ్లలో కొందరికి ఆ తర్వాత అన్నది పూర్తిగా రాలేదు.

డబ్బు వాపస్ నిబంధనలూ ఈ తరహా గేమ్‌లకి సరిపడవు. పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి ఇస్తారు. చిన్న గేమ్‌కి అది చాలు. సైబర్‌పంక్‌లో గేమ్ పేరు తెర మీద పడే దోపిడీ ఘట్టం దాకా రావడానికే చాలామందికి అంతకు మించి గంటలు పడుతుంది. కథ ఎలాంటిదో తెలిసేలోపే గడువు అయిపోతుంది. యాభై గంటల దగ్గర పాడయ్యే సేవ్ ఫైల్ గురించి రెండో గంటలో ఎవరికి తెలుస్తుంది?

అసంపూర్ణంగా వదిలేసిన కథల్లో ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. అబ్సిడియన్ తీసిన 'నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్ 2' 2004 డిసెంబర్‌లో ఎక్స్‌బాక్స్ మీద వచ్చింది. టైమ్ చాలక చివరి భాగాన్ని కోసేశారు. ఎన్నో పాత్రల కథలు తెగిపోయినట్టు ఆగిపోతాయి. కోసేసిన సంభాషణల్లో చాలావరకు రికార్డు చేసిన గొంతులతో సహా గేమ్ ఫైళ్లలోనే మిగిలిపోయాయి. అభిమానులు వాటిని వెలికితీసి, అతికించి, ఏళ్లు శ్రమించి 2012 నాటికి ఒక మాడ్‌గా పూర్తిచేశారు. ఇప్పుడు ఆ గేమ్ ఆడమని ఎవరు చెప్పినా ఆ మాడ్‌తో సహా ఆడమనే చెబుతారు. 2022లో అదే గేమ్‌ని నింటెండో స్విచ్‌కి తెచ్చారు. కోసేసిన భాగాలని తర్వాత ఉచితంగా చేరుస్తామన్నారు. ఆ వెర్షన్‌లో ఒక చోట క్రాష్ వచ్చి, కథని చివరిదాకా ఆడటమే కుదరలేదు. విడుదల చేసిన యాస్పైర్ కంపెనీ దాన్ని ఒప్పుకుని తర్వాత సరిచేసింది. చేరుస్తామన్న భాగాలని మాత్రం 2023 జూన్‌లో రద్దు చేసింది. స్విచ్‌లో మాడ్ వేసుకునే వీలు లేదు కాబట్టి, అక్కడ కొన్నవాళ్లకి దక్కింది 2004 నాటి ఆ తెగిపోయిన ముగింపే.